రెండో కాన్పుకు ముందే తేలాల్సిన లెక్క

డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల లెక్క తెలియని ఇల్లు తెలుగునాట లేదు. లక్షన్నర దాటితే ఊపిరి పీల్చుకుంటాం. 20 వేలకు పడిపోతే ‘ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి తీసే ప్లేట్‌లెట్లు) దాత కావాలి’ అని వాట్సాప్ గ్రూపులన్నీ మోగిపోతాయి. పెద్ద రక్తస్రావమేదీ లేని వయోజనులకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినా ఒరిగేదేమీ లేదని సింగపూర్, మలేసియాల్లో 372 మంది డెంగీ రోగులపై జరిగిన అధ్యయనం తేల్చింది. 2017లో ‘లాన్సెట్’లో వచ్చిందది. అయినా పరుగు ఆగలేదు. ఇందులో పదోవంతు శ్రద్ధ పసికందుల మీద పెట్టినా కొన్ని ప్రాణాలు నిలుస్తాయి. నెలలు నిండి, వేరే జబ్బు జాడ లేకుండా పుట్టిన బిడ్డకు తొలి మూడు రోజుల్లోనే ప్లేట్‌లెట్లు 50 వేల లోపుకు పడిపోయి, తల్లి కౌంట్ మాత్రం మామూలుగానే ఉందనుకోండి. అప్పుడు తల్లిదండ్రులిద్దరి ప్లేట్‌లెట్ల రకమేమిటో చూడకుండా ఆ కుటుంబాన్ని ఇంటికి పంపకూడదు. ఆ పరీక్ష చేసే ప్రయోగశాల రాష్ట్రానికొకటి ప్రభుత్వ ఖర్చుతో నడవాలి.

ఎర్ర రక్తకణాలకు ఉన్నట్టే ప్లేట్‌లెట్లకూ గ్రూపులుంటాయి. వాటిని నిర్ణయించేవి హెచ్‌పీఏ అనే యాంటీజెన్లు. వీటిలో బాగా తెలిసిన హెచ్‌పీఏ-1ఏకూ, 1బీకూ మధ్య తేడా చాలా చిన్నది. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవడానికి సాయపడే ఒక ప్రోటీన్‌లో 33వ స్థానంలో ల్యూసిన్ ఉంటే 1ఏ, ప్రోలిన్ ఉంటే 1బీ. తల్లిలో లేని యాంటీజెన్ తండ్రి నుంచి బిడ్డకు వస్తే, తల్లి శరీరం దాన్ని పరాయిదిగా భావించి యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి మాయ దాటి బిడ్డ ప్లేట్‌లెట్లను నాశనం చేస్తాయి. ఇలా రక్తంలోని పదార్థమొకటి ప్లేట్‌లెట్లను తుడిచిపెట్టగలదని 1950లో అమెరికాలో విలియం హారింగ్టన్ అనే వైద్యుడు రోగి రక్తాన్ని తన ఒంట్లోకే ఎక్కించుకుని చూపించాడు. ఇవాళైతే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లుల విషయం మనకు తెలిసిందే. అక్కడ మొదటి బిడ్డ సాధారణంగా గట్టెక్కుతుంది, ఆపైన యాంటీ-డి ఇంజెక్షన్ ఉంది. ఇక్కడ ఆ రెండూ లేవు. ఈ జబ్బుతో మెదడులో రక్తస్రావమైన 43 మంది శిశువుల వివరాలను ఒక అంతర్జాతీయ రిజిస్ట్రీ పరిశీలిస్తే, ఎక్కువమంది తొలి చూలు పిల్లలే. సగానికి పైగా కేసుల్లో ఆ రక్తస్రావం 28 వారాల లోపే, అంటే కడుపులో ఉండగానే జరిగింది.

అంటే తొలి బిడ్డ విషయంలో మనం చాలాసార్లు ఆలస్యంగానే మేల్కొంటాం. చేయగలిగిందంతా రెండో కాన్పులోనే ఉంది, నా వాదనకు బలం కూడా అదే. మొదటి బిడ్డకు మెదడులో రక్తస్రావమైతే, చికిత్స లేకుండా తర్వాతి గర్భంలోనూ అదే జరిగే ప్రమాదం చాలా ఎక్కువ. తండ్రిలో ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఉంటే ప్రతి బిడ్డకూ ఆ యాంటీజెన్ వస్తుంది, ఒకే ప్రతి ఉంటే సగం అవకాశం. ముందే తెలిస్తే తల్లికి గర్భంలోనే వారం వారం ఇమ్యూనోగ్లోబులిన్ ఇచ్చి ఆ ముప్పును బాగా తగ్గించవచ్చు. కాన్పు నాటికి సరిపోయే ప్లేట్‌లెట్లను సిద్ధం చేసుకోవచ్చు. అవి దొరక్కపోతే తల్లివే తీసి, యాంటీబాడీలున్న ప్లాస్మాను కడిగేసి, రేడియేషన్‌కు గురిచేసి బిడ్డకు ఎక్కించవచ్చు.

పసికందుల్లో ప్లేట్‌లెట్లు తగ్గడానికి మన దగ్గర ఇన్ఫెక్షనో తల్లి బీపీయో ఎక్కువగా కారణమని పిల్లల వైద్యులు అంటారు. నిజమే. యాంటీబయాటిక్స్ ఆపమని ఎవరూ అనడం లేదు. అవసరమైతే దొరికిన ప్లేట్‌లెట్లనే వెంటనే ఎక్కించాలి కూడా. ఆ పక్కనే తల్లిదండ్రుల నుంచి రెండు ట్యూబుల రక్తం తీసి పంపడానికి అడ్డేమిటి? ఇది యూరప్ వాళ్ల జబ్బన్న అభ్యంతరం ఇంకొంచెం బలమైనది. నార్వేలో లక్షకు పైగా గర్భిణులను పరీక్షిస్తే 2.1 శాతం మందిలో హెచ్‌పీఏ-1ఏ లేదు. వారిలోనూ యాంటీబాడీలు తయారైంది పదిమందిలో ఒకరికే. అందుకే గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయాలని నేను అనను. అనవసరపు భయాలు, ఖరీదైన మందులు పెరుగుతాయి. కానీ జపాన్‌లో హెచ్‌పీఏ-1ఏ లేనివారు అత్యంత అరుదైనా జబ్బు లేకుండా పోలేదు, అక్కడ హెచ్‌పీఏ-4 వల్ల వస్తోంది. చైనాలో సీడీ36 అనే మరో ప్రోటీన్ ముందుకొచ్చింది. ఒక్కో జనాభాకు ఒక్కో లెక్క. యూరప్ కోసం తయారైన కిట్‌తో పరీక్షించి మన దగ్గర లేదనుకుంటే, ఉన్న కేసులే చేజారతాయి.

ఇంత అరుదైన కేసుల కోసం ప్రయోగశాలా అంటే, దాని పని పసిపిల్లలతో ఆగిపోదు. లుకేమియా రోగుల్లో ఎన్ని బ్యాగులు ఎక్కించినా కౌంట్ పెరగనివారుంటారు. ఎక్కువగా హెచ్‌ఎల్‌ఏ (కణజాల రకం) యాంటీబాడీలు, కొందరిలో హెచ్‌పీఏ యాంటీబాడీలు అందుకు కారణం. మేనరికాలు ఎక్కువున్న మన కుటుంబాల్లో గ్లాంజ్‌మన్ వ్యాధినీ గుర్తుంచుకోవాలి. కౌంట్ బాగానే ఉంటుంది, రక్తమే ఆగదు. హెచ్‌పీఏ-1ఏ ఉండాల్సిన ప్రోటీనే ఆ రోగుల్లో కొరవడుతుంది కనుక, పదేపదే ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే దానికే యాంటీబాడీలు పుట్టి, తర్వాత ఎక్కించినవి పనిచేయకపోవచ్చు. ఎస్‌డీపీ దాతల రకాన్ని ఒక్కసారి జన్యుపరీక్షతో నమోదు చేస్తే జీవితాంతం మారదు. వీళ్లందరికీ ఆ జాబితా ఉపయోగపడుతుంది.

ప్రయోగశాల వచ్చేలోగా చేయదగిన పని ఒకటుంది. ఈ జబ్బు వివరం బిడ్డ డిశ్చార్జి కాగితంలో ఉండిపోతుంది, ముప్పేమో తల్లి తర్వాతి కాన్పుకు. రెండేళ్ల తర్వాత ఆమె వేరే ఊళ్లో వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ కాగితం వెంట రాదు. ‘మొదటి బిడ్డకు ప్లేట్‌లెట్లు తగ్గాయి, కారణం తేలలేదు’ అన్న మాట తల్లి ఎంసీపీ (మాతా శిశు రక్షణ) కార్డులో రాయడానికి కొత్త యంత్రమేదీ కొనక్కర్లేదు.