మృగయ ధర్మమా, వ్యసనమా?



నవంబరు మాసము సమీపించినంతనే అమెరికా దేశమున అనేక రాష్ట్రములలో తెల్లతోక జింకల వేటకు తుపాకి కాలము ప్రారంభమగును. వసంతము రాగానే అడవి టర్కీ కోళ్ళ వేట మొదలగును. అచ్చట స్థిరపడిన తెలుగువారిలోను కొందరు ఈ వినోదమునకు అలవాటుపడుచున్నారు. ఆ దేశపు సమాఖ్య చట్టము వలసేతర వీసాపై నున్నవారికి సాధారణముగా తుపాకిని నిషేధించును. వేట లైసెన్సు కలవారికి మాత్రము మినహాయింపు నిచ్చును. తుపాకి కొరకు లైసెన్సు, లైసెన్సు వెంట వేట అను క్రమమున అడవిలో అడుగుపెట్టువారును ఉందురు.

ఎవరి వినోదము వారిదని ఊరకుండవచ్చును. అయితే వీరిలో ఆస్తికులైనవారు "మృగయ రాజధర్మము, శ్రీరాముడే వేటాడెను, కావున ఇది శాస్త్రసమ్మతము" అని వాదించుచున్నారు. వినోదమునకై ప్రాణి నొకదానిని చంపుట ఒక దోషము. ఆ దోషముపై శాస్త్రముద్ర వేయుట రెండవ దోషము. మొదటిది చేసినవానికి ప్రాయశ్చిత్తము కలదు. రెండవది చేసినవాడు ప్రాయశ్చిత్తమునకు ద్వారమునే మూసికొనుచున్నాడు.

పూర్వపక్షమును ముందుగా న్యాయబుద్ధితో వినవలెను. అందు నాలుగు వాదములు కలవు. దశరథుడు, పాండురాజు, పరీక్షిత్తు వేటాడిరి; వాలికి సమాధానము చెప్పుచు రాజర్షులు మృగయకు పోవుట కలదని రాముడే పలికెను. ఇది మొదటిది. శ్రీకాళహస్తిలో శివసాయుజ్యము పొందిన కన్నప్ప వేటగాడే గదా యనునది రెండవది. తోడేళ్ళు నశించిన అడవులలో జింకలు మితిమీరి పెరిగి, మొలకలను తినివేయుచు, రహదారులపై వాహనములకు అడ్డుపడి మనుష్యుల ప్రాణములు తీయుచున్నవి. వానిని తగ్గింపక తప్పదు. ఇది మూడవది. మేలైన రైఫిలుతో క్షణములో కలుగు చావు, ఫారములో ఇరుకున పెరిగి కోతకు పోవు కోడి బ్రతుకుకంటె మేలనునది నాలుగవది.

మొదటి వాదమునకు మీమాంసయే సమాధానము. మనుష్యునికి రాగముచే సహజముగా ప్రాప్తించినదానిని శాస్త్రము విధింపవలసిన పని లేదు. ఆకలిగొనుమని ఏ శ్రుతియు ఆజ్ఞాపింపదు. అట్టిచోట శాస్త్రవాక్యము ప్రేరణ కాదు, హద్దు. భాగవతము ఏకాదశస్కంధమున ఈ సంగతినే స్పష్టపరచుచు, మాంసమద్యాదులపై నున్న వ్యవస్థ నివృత్తికొరకే యని నిర్ణయించినది. చతుర్థస్కంధమున పురంజనుని వేట చెప్పుచు, రాజు సైతము విహితమైన కర్మకొరకు, యోగ్యమైన మృగములను, కావలసినంతవరకే చంపవలెనని కట్టడి చేసినది. మనువు కామమునుండి పుట్టు పది వ్యసనములను లెక్కించుచు మొట్టమొదట పేర్కొన్నది మృగయనే. అందు మిక్కిలి కష్టమైన నాలుగింటిలోను దానిని చేర్చెను. రాజర్షులు వేటకు పోవుట కలదనుట లోకాచారమును పేర్కొనుట మాత్రమే. పొమ్మని విధించుట కాదు. రాజులకే వ్యసనమైనది ఉద్యోగికి సెలవుదినమున ధర్మ మెట్లగును?

ఇక వాదులు పేరు చెప్పిన రాజుల కథలనే చివరివరకు చదువవలెను. పరీక్షిత్తు వేటలో అలసి, దప్పికగొని, వివేకము తప్పి, మౌనముననున్న శమీకుని మెడలో చచ్చిన పామును వేసెను. ఏడుదినములలో ప్రాణము పోవు శాపము పొందెను. దశరథుడు చీకటిలో నీటి సవ్వడి విని, ఏనుగని తలచి, చూడకయే బాణము విడిచెను. అంధులైన తల్లిదండ్రులకు నీళ్ళు ముంచుచున్న ముని కుమారుడు కూలెను. నేడు అమెరికాలో వేట నేర్పు తరగతులలో చెప్పునదియు ఇదియే: గురి ఏమిటో, దాని వెనుక ఏమున్నదో నిశ్చయముగా తెలియక తుపాకి పేల్చరాదు. టర్కీ వేటకు పోవువారు ఎఱుపు, తెలుపు, నీలము రంగుల బట్టలు తొడుగరాదని హెచ్చరింతురు. అవి మగపక్షి తల రంగులు. కూత విని, రంగు చూచి, ఒక వేటగాడు మరియొక వేటగానినే కాల్చు ప్రమాదము కలదు. దశరథుని దోషము ఇంకను అడవిలోనే తిరుగుచున్నది.

పాండురాజు కథ ఇంకను సూక్ష్మమైనది. ఏలననగా నేటి వాదమును ఆనాడే చేసినవాడు పాండురాజు. మృగరూపమున భార్యతో కూడియున్న కిందమ మునిని కొట్టి, రాజులకు మృగయ దోషము కాదని, అగస్త్యుడును వేటాడెనని ఆయన ప్రమాణములు చూపెను. ముని ఆ ప్రమాణములను కాదనలేదు. మృగములను చంపుటనే నిందింపుట లేదనియు, కలయిక ముగియువరకైన ఆగవలసియుండెననియు మాత్రమే పలికి శపించెను. వాదము నిలిచినది, వాది నశించెను.

ఈ శాపమును నేటి వేట ఎదుట పెట్టి చూడవలెను. టర్కీ కోళ్ళను వసంతమున వేటాడుట ఎందుకు? అది వాని జతకట్టు కాలము. వేటగాడు ఆకుల రంగు బట్టలతో చెట్టు మొదట కూర్చుండి, చిన్న చెక్కపెట్టె మూతను రుద్ది ఆడపక్షి కూతను పుట్టించును. ఆ పిలుపు నిజమని నమ్మి, పింఛము విప్పి వచ్చిన మగపక్షి తలపై గుండ్లు కురియును. జింకలకు శరదృతువు చివర మదకాలము. కొమ్ములను తాటించి పోరాటధ్వని కల్పించి, ఆడజింక మూత్రగంధము చల్లి మగజింకను రప్పింతురు. క్రౌంచమిథునములో ఒకదానిని నిషాదుడు కొట్టినపుడు వాల్మీకి నోట వెడలిన శోకమే శ్లోకమై రామాయణమునకు మూలమైనది. జతగోరి వచ్చినదానిని చంపుటకు రామాయణమునే సాక్ష్యము తెచ్చువారు, ఆ గ్రంథము ఏ కన్నీటినుండి పుట్టినదో మరచినవారు.

కన్నప్ప విషయము స్వల్పము. తిన్నడు అడవిలో పుట్టి, వేటచే బ్రతికినవాడు. ఆయనను తరింపజేసినది విల్లు కాదు. శివునికి పెకలించి యిచ్చిన కన్ను. నల్లమలలో చెంచులు ఆకలికై వేటాడుట వేరు. నరసింహస్వామి వారి ఆడపడుచు చెంచులక్ష్మిని చేపట్టెనని ఆ జాతి నమ్మకము. నిండిన ఫ్రిజ్ గలవాడు గోడకు తగిలించు కొమ్ములకై కన్నప్ప పేరు చెప్పుట భక్తాపచారము.

మూడవ వాదములో సత్యాంశము కలదు. దానిని దాచుట అసత్యదోషము. 1900 ప్రాంతమున ఆ దేశమున సుమారు 5 లక్షలకు పడిపోయిన తెల్లతోక జింకలు నేడు సుమారు 3 కోట్లు. 1937 నాటి చట్టము రైఫిళ్ళపై, తూటాలపై వసూలగు 11 శాతము సుంకమును వన్యప్రాణుల పునరుద్ధరణకు మళ్ళించినది. అయినను రెండు ప్రశ్నలు మిగులును. జింకలను అంతగా నశింపజేసినది అదుపులేని వేటయే; వానిని తిను తోడేళ్ళను తుడిచివేసినదియు మనుష్యుడే. తాను చేసిన లోటును తానే కారణముగా చూపుట ఏ న్యాయము? సంఖ్య తగ్గించుటయే ఉద్దేశమైనచో ఆడజింకలను తగ్గింపవలెను. మగవానిలో కొన్ని పోయినంతమాత్రమున సంతతి తగ్గదు. కాని వేటగాని స్వప్నమున కనబడునది పెద్దకొమ్ముల మగజింకయే. ఆవశ్యకత పేరు, ఆశ అసలు. ఆవశ్యకమైన హింసను చేయువాడు దుఃఖముతో చేయును, చేసి స్నానమాడును. శవము ప్రక్కన నవ్వుచు ఛాయాచిత్రము తీయించుకొనడు.

నాలుగవది రైఫిలు ఎంపిక. ఇందు వారి శ్రద్ధ ఆశ్చర్యకరము. '243' చాలునా, '270' మేలా, '308' కావలెనా, 1906లో సైన్యమునకై రూపొందిన '30-06' అధికమగునా, '6.5 క్రీడ్‌మూర్' ఎట్లుండునని నెలల తరబడి చర్చింతురు. వెనుకకు తన్ను వేగమునకు బెదరి గురి తప్పరాదని కొత్తవారికి తేలికదానిని సూచింతురు. భుజము వెనుక, ఊపిరితిత్తులు గుండె ఉన్నచోట తగిలి లోపల విచ్చుకొను తూటాను కోరుదురు. గురి తప్పినచో జింక చావదు. పొట్టలో గాయముతో పొదలలో దూరి గంటల తరబడి వేదన పడును. నెత్తుటిచుక్కలు వెదకుచు వెంబడింపవలెను. ఆ వేదన కలుగరాదనియే ఇంత విచారణ.

ఈ విచారణయే వారిపై వారిచ్చుకొను సాక్ష్యము. జింకకు నొప్పి తనకువలెనే యని తెలియనివాడు తూటా బరువును ఇంత తూచడు. గీతాచార్యుడు ఉపదేశించిన ఆత్మౌపమ్యము వారి హృదయమున మొలచియే యున్నది. అంత దయ కలవాడు దానిని తూటా కొలతవద్దనే ఎందుకు ఆపవలెను? ఇంకొక అడుగు వేసినచో తుపాకియే చేతినుండి జారును.

ఫారము కోడితో పోలిక మాత్రము తోసిపుచ్చదగినది కాదు. అది వేటగానిని సమర్థింపదు గాని, అతనిని నిందించువారిని నిలదీయును. అనుమతించినవాడు, చంపినవాడు, కోసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అందరును ఘాతకులే యని మనువు నిర్ణయము. ఆదివారము బిర్యాని తిని, సోమవారము వేటగానిని హింసకుడని తిట్టుట ఆస్తికత్వము కాదు. మాంసము విక్రయించిన ధర్మవ్యాధుడు తాను చంపననియు, తిననియు చెప్పి, అయినను తన వృత్తి ఘోరమని ఒప్పుకొనెను. అతడు జ్ఞాని యైనది ఆ ఒప్పుకోలుతోనే.

కావున సాధకునికి పరీక్ష ఒకటే. చేయు పని తప్పనిసరియా? చేయునపుడు హృదయము కుంగుచున్నదా, ఉప్పొంగుచున్నదా? ఉప్పొంగినచో అది వ్యసనము. దానికి ఏ రాజు పేరును పెట్టరాదు. ఇదివరకే చేసినవారు నిరాశ చెందవలదు. పాపమును పాపమని పలుకుట, పశ్చాత్తాపపడుట ప్రాయశ్చిత్తమునకు తొలి అంగములు.

శాకుంతలమున సేనాపతి వేటను మెచ్చుకొనును: నడుము సన్నబడునట, శరీరము తేలికయగునట, కదలు గురిని కొట్టుట విలుకానికి కీర్తియట. నేటి వాదములన్నియు అందే ఉన్నవి. కాని అంతకుముందే, ఇది ఆశ్రమమృగము, చంపరాదని తపస్వులు చేయెత్తి పలికినంతనే దుష్యంతుడు ఎక్కుపెట్టిన బాణమును ఉపసంహరించెను. చక్రవర్తి వాదింపలేదు. ఈశ్వరుని జగత్తంతయు ఆశ్రమమే యని నమ్మువానికి ఏ అడవిలోని జింక ఆశ్రమమృగము కాదు?

స్వస్తి.