మృదువు ఎవరికి?

ఈమధ్య ఒక శిక్షణ తరగతిలో మన కార్యకర్తే బోర్డు మీద రాసింది: 'సల్ఫేటు షాంపూతో కాన్సర్ వస్తుంది'. నేను ఒప్పుకోలేదు. సోడియం లారిల్ సల్ఫేట్ చర్మాన్ని పొడిబారుస్తుంది, మండిస్తుంది. చర్మం మంటను కొలిచే పరీక్షల్లో కొలబద్దగా వాడేది దాన్నే. కాన్సర్ మాట మాత్రం 1990ల చివర్లో ఈమెయిళ్లలో తిరిగిన పుకారు. దాన్ని ఊరూరా మనమే మోస్తుంటే 'సల్ఫేట్ ఫ్రీ' అమ్మే కంపెనీలకు వేరే ప్రచారకులెందుకు?

అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. లారిల్ ఆల్కహాలుకు ఇథిలీన్ ఆక్సైడ్ చేర్చి లారెత్ సల్ఫేట్ చేస్తారు. అప్పుడు 1,4-డయాక్సేన్ అనే మలినం పుడుతుంది. అది కలిపిన పదార్థం కాదు కనుక లేబుల్ మీద కనపడదు. న్యూయార్క్ రాష్ట్రం 2023 చివరికల్లా షాంపూల్లో దాన్ని పది లక్షల పాళ్లకు ఒక పాలుకు మించరాదంది.

సరే, సల్ఫేటు లేనివాటి సంగతేమిటి? పసిపిల్లల సబ్బుల్లో వేసే కోకోయిల్ ఐసెథియోనేట్ తయారీ కూడా ఇథిలీన్ ఆక్సైడ్‌తోనే మొదలవుతుంది. అది మనుషుల్లో కాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాయువు. కొనేవారి ఒంటికి అది అంటదు. దానితో పనిచేసే కార్మికుల మాటేమిటి? ఇక కొబ్బరినూనె పేరు చెప్పి అమ్మే కోకామిడోప్రొపైల్ బీటైన్‌ను అమెరికా చర్మవైద్యుల సంఘమొకటి 2004లో 'ఆ ఏటి ఎలర్జీ కారకం'గా ప్రకటించింది. 2017లో గ్లూకోసైడ్ల వంతు వచ్చింది. వారానికోసారి తలంటుకునే మనకు దీనివల్ల పెద్ద ప్రమాదం లేకపోవచ్చు. రోజూ పదిమందికి తలలు కడిగే బ్యూటీపార్లర్ అమ్మాయి సంగతి అలా కాదు. వేళ్ల సందులు పగిలిన ఒక అమ్మాయిని నేను చూశాను. తొడుగులు వేసుకుంటే కస్టమర్లు ఇష్టపడరని యజమానురాలు వద్దందట.

వీటిలో చాలావాటికి ముడిసరుకు తాటిజాతి ఆయిల్ పామ్ గింజల నూనె. ఇండొనేషియా తోటల్లో ఆడకూలీలు రక్షణ లేకుండా పారాక్వాట్ చల్లుతున్నారని, వాళ్లను ఏళ్ల తరబడి రోజుకూలీలుగానే ఉంచుతున్నారని 2016లో ఆమ్నెస్టీ బయటపెట్టింది.

'ఇవన్నీ ఎందుకు, కుంకుడుకాయలు వాడండి' అనే సలహా కూడా నాకు మింగుడుపడదు. కుంకుడు రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. కాయలు కొట్టి, నానబెట్టి, పిసికి, ఇంటిల్లిపాదికీ తలంటేదెవరు?

వచ్చే తరగతిలో కాన్సర్ బొమ్మ తీసేద్దాం. మలినాల మోతాదు లేబుల్ మీద రాయాలని, పార్లర్లలో తొడుగులు ఇవ్వడం యజమాని బాధ్యత కావాలని తీర్మానం పెడదాం. ఆ పార్లర్ అమ్మాయిల్నీ పిలుద్దాం. ఇంతవరకు మనం వాళ్లని ఒక్కసారీ పిలవలేదు.