బీపీ గోళీ మధ్యలో ఆపితే ఎవరికి నష్టం?



"అడవిలో తిరిగేటోళ్లకు బీపీ ఏంది?" అనే మాట మన గూడేల్లో ఇంకా వినబడతనే ఉంది. ఉప్పు, పొగాకు, ముదిరే వయసు మనిషిని తెగ అడిగి పట్టుకోవు. మేము చెప్పేది ఒక్కటే: గోళీ మొదలుపెట్టించడం కంటే అది ఆగకుండా చూడటమే పెద్ద పని.

ఎందుకంటే, లేత వెదురు వంగుతుంది, ఎండిన వెదురు వంగదు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళమూ అంతే. గుండె కొట్టిన ప్రతిసారి అది సాగి మళ్లీ దగ్గరికి రావాలి. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువుంటే దాని గోడలో సాగే పోగులు అరిగి, గట్టి పోగులు పెరుగుతాయి. అప్పుడు బీపీలో పై నంబరు పెరుగుతుంది. ఆ దెబ్బ మెదడు, కిడ్నీల సన్న నాళాల మీద పడుతుంది. పక్షవాతానికి ఇదొక దారి. నొప్పి లేదు కాబట్టి చాలామందికి తెలియనే తెలియదు.

గోళీతో ఒత్తిడి తగ్గితే గోడ మీద లాగుడు తగ్గుతుంది. ఆమ్లోడిపిన్ నాళాల కండరాన్ని వదులు చేస్తుంది. టెల్మిసార్టాన్ లాంటివి చాలాకాలం వాడితే గోడ గట్టిపడటాన్ని కొంత నెమ్మది చేయగలవు. అన్ని గోళీలూ ఒకటి కావు. బ్రిటన్, ఐర్లాండ్‌లలో రెండు వేల మందికి పైగా చూసిన ఒక పరిశోధన 2006లో వచ్చింది. అటెనొలాల్ వాడినవాళ్లకీ, ఆమ్లోడిపిన్ వాడినవాళ్లకీ చేతి దగ్గర బీపీ దాదాపు ఒకటే. గుండె దగ్గరి పెద్ద నాళంలో మాత్రం ఆమ్లోడిపిన్ వాళ్లకు సుమారు 4 పాయింట్లు తక్కువ. అట్లని ఎవరూ సొంతంగా గోళీ మార్చొద్దు, ఆపొద్దు. డాక్టర్‌నే అడగాలి.

ఇది నెలలు, ఏళ్లు పట్టే పని. వాగు పొంగితే దారి మూసుకుపోయే గూడేనికి నెలకో స్ట్రిప్ ఇస్తే ఎట్ల సరిపోతుంది? వానాకాలానికి ముందే మూడు నెలల గోళీలు సబ్ సెంటర్ ద్వారా ఇవ్వాలని ఐటీడీఏను అడుగుదాం. "ఒకేసారి ఇస్తే పారేస్తారు" అనేవాళ్లకు మా జవాబు: ఆశా అక్క నెలకోసారి బీపీ చూసి, గోళీలు లెక్కపెడితే చాలు.

మన వంతు కూడా ఉంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు తాతలు, అవ్వల గోళీల స్ట్రిప్ తీసి చూద్దాం. ఎన్ని మిగిలినయో, ఎప్పటికి అయిపోతయో రాసిపెడదాం. "బాగానే ఉన్న, ఇంకెందుకు?" అంటే, బాగా ఉన్నది గోళీ వల్లనే అని మన భాషలో చెబుదాం. ఆ మాట మనం చెబితేనే వింటరు.

జై ఆదివాసీ.