గర్భసంచి ఎవరిది? – 3: "వీళ్లు మళ్లీ రారు"

పోయిన భాగం చదివి ఒక మెడికో తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు: "అక్కా, పిల్లలు కావాలనుకునే మనిషికి గడ్డ ఉందని సంచి తీసెయ్యరు కదా? పుస్తకంలో అలా లేదు కదా?" నిజమే తమ్ముడూ, పుస్తకంలో లేదు.

పుస్తకంలో ఏముందో చూద్దాం. అటిపికల్ పాలిపాయిడ్ అడినోమయోమా అనే గడ్డ ఉంది. చాలా అరుదు. దాన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించిందే 1981లో. ఎక్కువగా ముట్లు ఆగని వయసులో వస్తుంది. రక్తం విపరీతంగా పోతుంది. పిల్లలు కావట్లేదని పరీక్షలకు వెళ్లినవాళ్లలోనూ బయటపడుతుంది. మైక్రోస్కోపు కింద చూస్తే క్యాన్సరేమో అనిపిస్తుంది. ఇంత భయపెట్టే గడ్డకు కూడా, బిడ్డ కావాలనుకునే మనిషికి సంచి ఉంచే వైద్యం ఉంది. హిస్టెరోస్కోపీతో కింది దారిన కెమెరా పంపి, గడ్డను మొదలంటా కోసి, ముక్కను పరీక్షకు పంపుతారు. అది తిరిగి రావచ్చు, కొందరిలో పక్కనే క్యాన్సర్ కూడా ఉండొచ్చు. అందుకే కొన్ని నెలలకోసారి మళ్లీ పిలిచి చూస్తారు. ఇలా చేయించుకుని బిడ్డల్ని కన్నవాళ్లున్నారు.

పేచీ అంతా ఆ "మళ్లీ పిలవడం" దగ్గరే. మా వాడ ఆడవాళ్ల గురించి ఎన్ని ఆస్పత్రుల్లో విన్నానో ఈ మాట: "వీళ్లు మళ్లీ రారండీ, తీసేస్తే పోతుంది." ఎలా వస్తారు సార్? ఒక చెకప్ అంటే ఒక రోజు కూలి పోవడం, రెండు బస్సులు మారడం. కెమెరా మిషనేమో సిటీలో, సంచి తీసే నర్సింగ్ హోమేమో ఊరి పక్కన. రాలేని ఏర్పాటు మీరు చేసి, రారని తీర్పు కూడా మీరే ఇస్తారా?

ఇంకోటుంది, పైకి అనరు. దళిత ఆడదంటే వాళ్ల లెక్కలో పిల్లలు ఎక్కువైన మనిషి. ఆమెకు పిల్లలు కాకపోవడం కూడా ఒక జబ్బేనని తట్టదు. ఊరు ఆమెను గొడ్రాలంటుంది, సీమంతానికి పిలవదు. ఆస్పత్రి ఆ మాటను కత్తితో ఖాయం చేస్తుంది.

అరుదైన గడ్డ సంగతి అలా ఉంచండి. మామూలు ఫైబ్రాయిడ్‌కీ, తెల్లబట్టకీ "క్యాన్సర్ అవుద్ది" అని బెదిరించి తీసేసిన సంచులు ఎన్ని! 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. మన గడ్డలేమైనా వేరే గడ్డలా?

డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పిచ్చింది. ఆ కేసు బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ ఆస్పత్రుల గురించి. అనవసరంగా సంచులు తీయడాన్ని ఆపే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చెయ్యమని చెప్పింది మాత్రం అన్ని రాష్ట్రాలకూ. వాటి ప్రకారం జిల్లాకో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మీ జిల్లా కమిటీలో ఎవరున్నారో, 40 ఏళ్లలోపు వాళ్లకు ఎన్ని ఆపరేషన్లు జరిగాయో, ఎన్నిటికి బయాప్సీ కాగితం ఉందో ఆర్టీఐ వెయ్యండి. జవాబులు నాకు పంపండి.

వచ్చే భాగంలో బీడ్ చెరకు కోత కూలీల సంగతి. జై భీమ్.