తేనెపట్టుపై విషం ఆపాలి

చెన్నైలో అపార్ట్‌మెంట్ సన్‌షేడ్ కింద తేనెపట్టు కనబడితే చాలు, పెస్ట్ కంట్రోల్ వాళ్లకు ఫోను వెళుతుంది. చీకటి పడ్డాక మందు కొడతారు, లేదా మంట పెడతారు. తెల్లారేసరికి నేలంతా చచ్చిన ఈగలే. వాటిని ఊడ్చి పారబోస్తే సమస్య తీరిందనుకుంటారు. ఈ పద్ధతికి నగరపాలక సంస్థ వెంటనే అడ్డుకట్ట వేయాలి.

ఇక్కడ పట్లు కట్టేవి చాలావరకు కొండ తేనెటీగలు. ఇవి పెట్టెల్లో పెంచితే పెరగవు. కొండచరియకో, మహావృక్షం కొమ్మకో ఒకే ఒక్క పెద్ద పెరను వేలాడదీస్తాయి. నగరంలో అలాంటి చెట్లు తరిగిపోయాయి. 2016 డిసెంబరులో వర్దా తుపాను ఒక్క రోజులో వేలాది చెట్లను పెళ్లగించింది. రోడ్ల విస్తరణకు, మెట్రో పనులకు మరెన్నో పోయాయి. చెట్టు లేని ఈగ భవనాన్ని ఆశ్రయిస్తోంది. అదీ శాశ్వతంగా కాదు. పూత కాలం ముగిశాక ఈ ఈగలు పట్టు వదిలి వలసపోతాయి.

కుడతాయన్న భయాన్ని కొట్టిపారేయలేం. గుంపుగా దాడి చేస్తే ప్రాణం పోవచ్చు. బడి గుమ్మం మీదో, ఆస్పత్రి మెట్ల దగ్గరో పట్టు ఉంటే తీయాల్సిందే. అయితే తీయడానికి చంపనక్కర్లేదు. పొగతో ఈగలను తప్పించి తేనె తీసే నేర్పు నల్లమల చెంచులకు తరతరాలుగా ఉంది. ఆ నేర్పు ఉన్నవారికి పని ఇచ్చి పిలిపించుకోవడం మహానగరానికి భారమేమీ కాదు.

తేనె ఉత్పత్తి పెరుగుతోంది కదా, ఈగలకేం లోటని కొందరి వాదన. రూ.500 కోట్లతో కేంద్రం చేపట్టిన జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌ను ఉదాహరణగా చూపుతారు. పెంపకం పెట్టెల్లో అధికభాగం 1960లలో దేశంలో నిలదొక్కుకున్న ఐరోపా జాతి ఈగలే. మన పుట్ట తేనెటీగ కథ వేరు. 1990ల తొలినాళ్లలో థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాదిని చుట్టేసి, ఈ జాతి పెట్టెలను ఊళ్లకు ఊళ్లుగా ఖాళీ చేసింది. తేనెకు పేరుపొందిన కన్యాకుమారి జిల్లా మార్తాండం పెంపకందార్లూ ఆ దెబ్బ తిన్నారు. ఇక చెట్ల మీద, గోడల మీద బతికే ఈగలను ఎవరూ లెక్కించడమే లేదు.

ఈగల చావుకు కారణాల మాట వస్తే సెల్ టవర్ల మీద నెపం వేయడం తేలిక. అంతకంటే బలమైన రుజువులు వేరేచోట ఉన్నాయి. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, గాలి కలుషితమైన ప్రాంతాల నుంచి పట్టి తెచ్చిన కొండ తేనెటీగల్లో 80 శాతానికి పైగా ఒక్క రోజులోనే చనిపోయాయి. వాహనాల పొగకు, దుమ్ముకు చెన్నై మినహాయింపేమీ కాదు. పొలాల్లో మరో గండం. ఇమిడాక్లోప్రిడ్ వంటి నియోనికోటినాయిడ్ మందులు మూడింటిని ఆరుబయట వాడకూడదని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది. మన రైతులకు ఇమిడాక్లోప్రిడ్ ఇప్పటికీ దుకాణంలో దొరుకుతుంది. మనదేశం 2020లో 27 పురుగుమందులను నిషేధించాలని ముసాయిదా తెచ్చినప్పుడు ఆ జాబితాలో దాని పేరే లేదు. కాఫీ తాగి పారేసిన కాగితపు కప్పుల్లోని తీపికి వచ్చి ఈగలు గుట్టలుగా చస్తున్నాయని మదురై పరిశోధకుడొకరు 2011లోనే హెచ్చరించారు. ప్లాస్టిక్ పూత ఉన్న కప్పులను తమిళనాడు 2019 జనవరి 1 నుంచి నిషేధించింది. అయినా టీ కొట్ల ముందు అవి పోగుపడుతూనే ఉన్నాయి.

ఈగలు తగ్గితే నష్టం తేనెకే పరిమితం కాదు. గుమ్మడి, దోస, కాకర, పుచ్చ తీగలకు మగపూలు వేరు, ఆడపూలు వేరు. ఈగ వాలకపోతే పిందె నిలవదు. కోయంబేడు మార్కెట్‌లో దిగే కూరగాయల లారీల్లో ఆ ఈగల శ్రమ ఉంది.

అందుకే చెన్నై కార్పొరేషన్ తేనెపట్లపై పురుగుమందు చల్లడాన్ని నిషేధించాలి. తరలింపునకు శిక్షణ పొందిన బృందాలను వార్డులవారీగా నియమించి, వారి ఫోన్ నంబర్లు అందరికీ తెలిసేలా చేయాలి. కొత్తగా నాటే మొక్కల్లో అలంకార జాతులు తగ్గించి కానుగ, వేప, చింత, నేరేడు పెంచాలి. పూత కాలంలో మందు కొట్టకుండా రైతుకు వ్యవసాయ శాఖ ముందుగా చెప్పాలి. ఫ్లాట్ల సంఘాలు మాత్రం ఆదేశాల కోసం ఎదురుచూడనక్కర్లేదు. పట్టు ఎవరి దారికీ అడ్డం కాకపోతే, ఈగలు వలసపోయేదాకా ఆ కొద్ది నెలలూ దాన్ని అలాగే వదిలేయండి.