గిరీశం మాటకు గురజాడ పూచీనా?

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో గురజాడ నాటకం కన్యాశుల్కం కోసం పెద్దగా వెతకక్కర్లేదు. దాని గైడు కోసం అసలే అక్కర్లేదు. తెరిస్తే కవి పరిచయం, కథాసంగ్రహం, పాత్ర చిత్రణ, సందేశం. నాటకం మీద వ్యాసమంటే ఈ నాలుగు గళ్లు నింపడమేనని మన తెలుగు బోధనలో స్థిరపడిపోయింది. గైడు రాసినవాణ్ణి తిట్టి లాభం లేదు, పెద్దల పరిశోధన గ్రంథాలూ చాలావరకు అదే బాటలో నడుస్తున్నాయి.

ఈ పద్ధతి చేసే మొదటి అన్యాయం చూడండి. వితంతు వివాహం గురించి గిరీశం దంచిన ఉపన్యాసాల్ని తీసి గురజాడ అభిప్రాయాలుగా రాసేస్తారు. ఆ మాటలన్నది ఎవరు? పూటకూళ్ళమ్మ సొమ్ము సాని మధురవాణికి తగలేసినవాడు. చదువు చెప్పే నెపంతో అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో చేరి, విధవరాలైన బుచ్చమ్మ మీద కన్నేసినవాడు. అలాగని ఆ మాటలు తప్పా? కాదు. మంచి మాటను మోసగాడి నోట పెట్టి ప్రేక్షకుణ్ణి ఇరకాటంలో పడేశాడు నాటకకర్త. వ్యాసం మొదలు కావలసింది అక్కడ. "గురజాడ వితంతు వివాహాన్ని సమర్థించారు" అని మనవాళ్లు ముగించేదీ అక్కడే.

ఆయనే ముందుమాటలో సంస్కరణ గురించి చెప్పాడు కదా అంటారు. చెప్పాడు. 1897 కూర్పుకు ఇంగ్లీషులో రాసిన ఆ ముందుమాటలో, విశాఖ జిల్లాలో మూడేళ్లలో నమోదైన 1034 కన్యాశుల్కపు పెళ్ళిళ్ల లెక్క కూడా ఉంది. ఆ లెక్కతో పని తీరితే 1909లో నాటకాన్ని అంతగా తిరగరాసి, మధురవాణిని అంత పెంచడం దేనికి?

చివరి అంకం తీసుకోండి. సానులంటే గిట్టని వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి మధురవాణి మగవేషంలో వస్తుంది. ఆమె ఎవరో ప్రేక్షకులకు తెలుసు, ఆయనకు తెలియదు. అందుకే ఆయన ప్రతి మాటా మనకు రెండు రకాలుగా వినిపిస్తుంది. ఆయన మంచితనం ఎంత నిజమో, ఎంత ఇరుకో ఒక్కసారే బయటపడుతుంది. పాత్ర చిత్రణ గడిలో మాత్రం "సౌజన్యారావు ఆదర్శమూర్తి" అని ఒక ముక్క పడుతుంది. గిరీశం మంచం కింద దూరిన రంగాన్నయితే "హాస్యం" అన్న గడిలోకి తోసేస్తారు, పాపం.

ఇది చదువుకునే నాటకం, పూర్తిగా ఆడటం కష్టం అని మరో వాదం. ఒప్పుకుందాం. చదివేటప్పుడైనా ఎవరు ఎవరితో అంటున్నారు, ఎవరు చాటుగా వింటున్నారు అని చూడొద్దా? 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో రంగస్థల కళలు నేర్పింది. నటించబోయేవాడికి ఈ ప్రశ్నలు లేనిదే అడుగు పడదు. వ్యాసం రాసేవాడికి మాత్రం వీటి అవసరమే లేదని మనం నమ్మించాం.

గళ్లు నింపకపోతే మార్కులు రావన్న విద్యార్థి మాట నిజం. అందుకే ఈ తగాదా విద్యార్థితో కాదు. ప్రశ్నపత్రం తయారుచేసే అయ్యవార్లూ, "మధురవాణి పాత్ర చిత్రణ వ్రాయుము" అన్న ప్రశ్నను ఈ ఒక్క ఏడాది కొట్టేయండి. ఆమె తానెవరో చెప్పే క్షణానికి రంగం మీద ఎవరికి ఏం తెలుసో రాయమనండి.