విధవరాలి చేతిలోని కాసులు



బీద విధవరాలు కానుకపెట్టెలో వేసిన రెండు కాసులు మన రూపాయి బిళ్ళలా ఉండేవా అని ఒక సండేస్కూలు పిల్లవాడు అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. బొమ్మల పుస్తకాలలో వాటిని గుండ్రంగా, తళతళ మెరిసేటట్టు వేస్తారు. నిజానికి అవి అలా ఉండేవి కావు.

ముందు విలువ చూద్దాం. మార్కు సువార్త 12వ అధ్యాయములోని లెక్క ప్రకారం, దినకూలి అయిన ఒక దేనారమును 64 భాగాలు చేస్తే, ఆ రెండు కాసులూ కలిసి ఒక్క భాగం.

ఆ కాసుల మీద ఏ రాజు పేరుందో సువార్తలో లేదు. అయితే క్రీ.పూ. 103 నుండి 76 వరకు యూదయను ఏలిన అలెగ్జాండర్ యన్నాయు కొట్టించిన చిన్న కంచు నాణేలు, నూరేళ్ళ తరువాత ప్రభువు దినములలో కూడా చేతులు మారుతూనే ఉన్నాయి. చొక్కా గుండీ అంత ఉంటాయి. బరువు ఒక గ్రాము అటూ ఇటూ. కొన్ని అర గ్రాము కూడా తూగవు.

వాటిని చేసిన పద్ధతి వినండి. సుద్దరాతి పలక మీద వరుసగా చిన్న గుంటలు తొలిచి, గుంటకూ గుంటకూ మధ్య సన్నని కాలువ తీసేవారు. రాగిలో తగరం, సీసం కలిపి కరిగించి అందులో పోసేవారు. సీసం కలిస్తే లోహం తక్కువ వేడికే కరిగి, సులువుగా పారుతుంది. చల్లారాక పూసల దండలా బిళ్ళల వరుస వచ్చేది. దాని మీద ముద్ర కొట్టి, తరువాత ఉలితో ముక్కలు చేసేవారు. అందుకే చాలా కాసులకు అంచున తోక మిగిలింది. అసలు గుండ్రనివి తక్కువ.

ఇక అచ్చులు. కింది అచ్చు దాగలిలో బిగించి ఉంటుంది. పై అచ్చును చేత పట్టుకొని సమ్మెటతో కొట్టాలి. దెబ్బ నేరుగా తగిలేది దానికే గనుక అదే ముందు అరుగుతుంది. ఒక వైపు ఓడ లంగరు, మరొక వైపు ఎనిమిది కిరణాల నక్షత్రం, చుట్టూ రాజు పేరు ఉండాలి. కానీ అచ్చు అరిగినా మార్చకుండా కొట్టడం వలన అక్షరాలు అలికినట్టు అయ్యేవి. బిళ్ళ అచ్చుకంటే చిన్నదైతే సగం నక్షత్రమే పడేది. పేరు పూర్తిగా చదవగలిగిన కాసు అరుదు.

ఇది పనివారి చేతగానితనమని నేననుకోను. వెయ్యి కాసులు కొట్టినా ఎనిమిది దేనారములు కావు. అంత చిల్లరకు కొత్త అచ్చు ఎవరు చెక్కిస్తారు? పేదవాని చేతికి పోయేదానికి అంత శ్రద్ధ చాలుననుకున్నారు. దేవాలయపు పన్నుకైతే తూరు పట్టణపు వెండి నాణెమే కావాలి. దాదాపు 14 గ్రాములు, నూటికి 90 పాళ్ళకు పైగా వెండి. దాని మీద అన్యదేవత ముఖం ఉన్నా అభ్యంతరం లేదు! రూకలు మార్చువారి బల్లలు అక్కడ ఉన్నది అందుకే.

ఇప్పుడు యెరూషలేము యాత్రికులకు ఈ కాసులను అమ్ముతుంటారు. నకిలీలూ ఉన్నాయి, కొనేవారు జాగ్రత్త.

ఉలి దెబ్బ పడక, విడిపోకుండా మిగిలిన జంట కాసులు కూడా దొరికాయి. రెండింటి మధ్య ఆ సన్నని కంచు తోక ఇంకా అలాగే ఉంది.